ఓటేసే బల్ల దగ్గర ఒక్కరే ఉండాలి

2024 మే 12 రాత్రి విశాఖ దగ్గర పెందుర్తి వైపు ఒక ప్రాథమిక పాఠశాలలో చాప పరుచుకుని పడుకున్నాను. తెల్లారితే పోలింగు. ఆ బూతుకి నేను ప్రిసైడింగ్ ఆఫీసర్ని. ప్రభుత్వ హైస్కూల్లో సోషల్ చెప్తాను, ఎన్నికల డ్యూటీ నాకు కొత్త కాదు. యంత్రాలు, సీళ్ళు, ఫారాలు లెక్క చూసుకున్నాక గది మూలన బల్ల వేయించి, దాని మీద మూడు వైపులా అట్ట నిలబెట్టించాను. కిటికీలోంచి గానీ గుమ్మంలోంచి గానీ ఎవరి చూపూ పడకుండా రెండుసార్లు ఆ బల్ల జరిపించాను. ఆ పని చేస్తున్నంతసేపూ నా మనసు మా తమ్ముడి మీదే ఉంది. వాడు నాతో మాట మానేసి ఆ రాత్రికి 22 రోజులు.

మర్నాడు పొద్దున్నే ఏజెంట్ల ముందు 50 ఓట్ల మాక్ పోలింగు జరిపి, వాటిని చెరిపేసి, 7 గంటలకి అసలు పోలింగు మొదలుపెట్టాం. పదిన్నర ప్రాంతంలో ఒక ముసలమ్మ వచ్చింది. చూపు బాగానే ఉంది, నడకా బాగానే ఉంది. వెనకే ఆవిడ భర్త. వేలికి సిరా పూయించుకుని ఆవిడ బల్ల వైపు నడిస్తే ఆయనా నడిచాడు. "మీరు ఇక్కడే ఉండాలి తాతగారూ" అన్నాను. "దానికేటీ తెల్దమ్మా, నాను సూపెడతాను" అన్నాడు. చూపు లేనివారికీ, మీట నొక్కలేనంత బలహీనంగా ఉన్నవారికీ మాత్రమే తోడు పంపుతారు. ఆవిడకి ఆ అవసరం లేదు. నేను పంపలేదు. ఆవిడ ఒక్కతే వెళ్ళింది. మీట నొక్కాక వీవీప్యాట్ అద్దం వెనక చీటీ 7 సెకన్లు కనపడి పెట్టెలో పడిపోతుంది. నాకు ఆవిడ వీపు మాత్రమే కనపడుతోంది. ఆ కాసేపూ అలా వంగి చూస్తూనే ఉంది. బయటికొచ్చి నాతో, "నా ఓటు నానే ఏసినానమ్మా" అంది.

ఆ సాయంత్రం యంత్రాలు అప్పజెప్పి ఇంటికి వచ్చేసరికి అర్ధరాత్రి దాటింది. ఆవిడ మాట వదల్లేదు. నాకు నేనుగా, ఎవరూ చూడకుండా, ఒక అభిప్రాయం దగ్గర 7 సెకన్లు నిలబడి ఎన్నాళ్ళయింది అనుకున్నాను. అప్పట్నుంచి ఈ ఏడాదిన్నరలో నేను మార్చుకున్న పద్ధతులు ఇక్కడ చెప్తాను. ఇంట్లో ఒక్కరే ఉంటూ ఫోనులో మాత్రం వందమంది మధ్య బతుకుతూ, రాజకీయాల మూలంగా సొంతవాళ్ళని దూరం చేసుకున్నవాళ్ళకి ఇవి పనికొస్తాయని నా నమ్మకం. అన్నీ నేను చేసి చూసినవే.

నేను చేసిన తప్పు

మా ఇంటి పేరుతో ఒక వాట్సాప్ గ్రూపు ఉంది. 43 మంది. మా పెదనాన్నగారి అబ్బాయి పెట్టాడు. నా భర్త 2018లో పోయారు, అమ్మాయికి పుణేలో ఉద్యోగం. ఎంవీపీ కాలనీ ఫ్లాటులో నేనొక్కదాన్నే. సాయంత్రం బడి నుంచి వచ్చి తాళం తీసి, లైటు వేసి, చెప్పులైనా విప్పకుండా ఫోను తీసేదాన్ని. గ్రూపులో ఎవరో ఒకరు ఏదో ఒకటి పెడుతూనే ఉంటారు. ఇల్లు నిండుగా ఉన్నట్టుండేది.

తమ్ముడు ఉక్కునగరంలో ఉంటాడు, విశాఖ స్టీల్‌ప్లాంటులో ఉద్యోగం. 2021 జనవరి 27న కేంద్ర మంత్రివర్గ సంఘం స్టీల్‌ప్లాంటులో ప్రభుత్వ వాటా మొత్తం అమ్మేయాలని నిర్ణయించిన దగ్గర్నుంచి వాడికి సరిగ్గా నిద్ర లేదు. మా ఇంట్లో ప్లాంటు సంగతి జీతంతో అయిపోయేది కాదు. 1966 అక్టోబరులో ఆ ప్లాంటు విశాఖకే రావాలని టి. అమృతరావు గారు నిరాహారదీక్షకి కూర్చున్నప్పుడు మా నాన్న కాలేజీ కుర్రాడు. ఊరేగింపుల్లో తిరిగాడు. నవంబరు 1న కాల్పులు జరిగినరోజు ఏ సందులోంచి ఏ సందులోకి పరిగెత్తాడో మా చిన్నప్పుడు ఎన్నిసార్లు చెప్పాడో లెక్క లేదు. 'విశాఖ ఉక్కు - ఆంధ్రుల హక్కు' అన్న మాట మాకు అన్నంతో పాటే అలవాటైంది.

2024 ఏప్రిల్లో, ప్రచారం వేడి మీదున్నప్పుడు, తమ్ముడు గ్రూపులో ఒక వీడియో పెట్టాడు. పోలీసులు కార్మికుల్ని లాఠీలతో కొడుతున్నారు. 'నిన్న కూర్మన్నపాలెంలో' అని, అంటే ప్లాంటు పక్కనే అని, కింద రాసి ఉంది. నేను చూశాను. వెనక ఆగి ఉన్న బస్సు మీద బోర్డు తెలుగులో లేదు. కారు నంబరు మన రాష్ట్రానిది కాదు. వెంటనే రాసేశాను: "ఇది మన ఊరిది కాదు. పంపేముందు చూసుకోవాలి కదా. ఇంత చదువుకుని నువ్వే ఇలా చేస్తే ఎలా?"

చప్పట్లు, నవ్వు బొమ్మలు వచ్చి పడ్డాయి. "అప్ప ఎర్రసిరా పెన్ను తీసింది" అని ఎవరో రాశారు. తమ్ముడు రాశాడు: "నీ ఉద్యోగాన్ని ఎవరూ అమ్మట్లేదు కదప్పా." నేను దానికి జవాబిచ్చాను. పది నిమిషాల్లో పార్టీల పేర్లు వచ్చేశాయి, మా నాన్న పేరు వచ్చింది, మా ఆయన పేరు కూడా వచ్చింది. ఆ రాత్రి వాడు గ్రూపులోంచి వెళ్ళిపోయాడు. ఆ శ్రావణంలో అమ్మ తద్దినం వాళ్ళింట్లో పెట్టుకున్నాడు, నాకు కబురు లేదు. ఆరోజు నేను బడికి వెళ్ళి ఎనిమిదో తరగతికి పాఠం చెప్పాను. ఏం చెప్పానో గుర్తు లేదు.

వీడియో గురించి నేను చెప్పింది నిజమే. ఇప్పటికీ నిజమే. అయితే వాడు నైట్ షిఫ్టు నుంచి వచ్చి ఆ వీడియో పంపడంలో ఒక మాట ఉంది: భయంగా ఉందప్పా. ఆ మాట నాకు వినపడలేదు. గ్రూపులో మిగతా 41 మంది లేకపోతే నేను ఆ వాక్యం అలా రాసేదాన్నా అని తర్వాత చాలాసార్లు అడుక్కున్నాను. రాసేదాన్ని కాదు. ఫోను చేసి, "ఏరా, ఎలా ఉన్నావు?" అనేదాన్ని.

తప్పు వార్త వచ్చినప్పుడు

మీవాళ్ళెవరైనా గ్రూపులో అబద్ధపు వార్త పెడితే మొదటి గంట ఏమీ రాయకండి. ఆ గంటలో అది నిజమో కాదో మీకోసం మీరు తేల్చుకోండి. మెసేజి మీద రెండు బాణాల గుర్తు ఉంటే అది ఇప్పటికే ఐదు చేతులైనా దాటి వచ్చిందని అర్థం. అలాంటిదాన్ని 2020 ఏప్రిల్ నుంచి ఒకసారికి ఒక్క చాట్‌కే పంపనిస్తున్నారు. ఆ గుర్తు చూడగానే ఇది మనవాడు పుట్టించింది కాదని తెలుస్తుంది, మన కోపం అక్కడే సగం చల్లారాలి.

వీడియో అయితే ముందు కళ్ళతో చూడండి. దుకాణాల బోర్డులు ఏ లిపిలో ఉన్నాయి? బళ్ళ నంబర్లు ఏ రాష్ట్రానివి? మన ఊరి పాత బళ్ళకి ఏపీ 31 ఉంటుంది, 2019 నుంచి రాష్ట్రమంతటికీ ఏపీ 39 మొదలుపెట్టారు. నడివేసవి విశాఖ అని రాసి, అందులో జనం స్వెట్టర్లు వేసుకుని ఉన్నారా? తర్వాత వీడియోని ఒకచోట ఆపి స్క్రీన్‌షాట్ తీసి గూగుల్ లెన్స్‌లో వెతికితే అది ఇంతకుముందు ఎక్కడెక్కడ వచ్చిందో చాలావరకు బయటపడుతుంది. కేంద్ర ప్రభుత్వ పథకాలు, ఉత్తర్వుల పేరుతో వచ్చేవాటికి కేంద్ర సమాచార విభాగం పీఐబీ నడిపే ఫ్యాక్ట్ చెక్ పేజీ చూడండి.

ఆ తర్వాత, పంపిన మనిషికి ఒక్కరికే ఫోను చేయండి. మెసేజి వద్దు, గొంతు కావాలి. వార్తతో మొదలుపెట్టకండి, మనిషితో మొదలుపెట్టండి. మొన్నామధ్య మా చిన్నాన్న పింఛను కోత అంటూ ఒక ఉత్తర్వు కాగితం గ్రూపులో పెట్టారు. ఆయనకి 71 ఏళ్ళు. ఫోను చేసి, "చిన్నాన్నా, భోంచేశారా? పొద్దున మీరు పెట్టింది చూశాను. పింఛను గురించి దిగులుగా ఉందా?" అన్నాను. ఇరవై నిమిషాలు మాట్లాడారు. పిన్నికి మోకాళ్ళ నొప్పులు, మందుల ఖర్చు, కొడుకుని అడగలేకపోవడం, అన్నీ. చివర్లో మాత్రం, "ఆ కాగితం మీద తేదీ చూశారా చిన్నాన్నా, ఆదివారం పడింది. ఎందుకో నాకు అనుమానంగా ఉంది" అన్నాను. "అలాగా" అన్నారు. పావుగంటలో ఆయనే గ్రూపులోంచి తీసేశారు. పంపినవాళ్ళు సుమారు రెండు రోజుల లోపు అందరి ఫోన్లలోంచీ తీసేయవచ్చు, కాబట్టి సరిదిద్దుకునే గౌరవం వాళ్ళకే వదిలిపెట్టండి.

ఆగకూడని సందర్భం ఒకటుంది. ఎవరి ప్రాణం మీదికైనా వచ్చే పుకారైతే గంట ఆగొద్దు. 2018లో పిల్లల్ని ఎత్తుకుపోయే ముఠాలంటూ ఫోన్లలో తిరిగిన పుకార్లకి దేశంలో చాలాచోట్ల ఏ పాపం ఎరగనివాళ్ళని కొట్టి చంపారు. ఆ ఏడాదే మన దేశంలో ఫార్వర్డులని ఐదు చాట్లకి తగ్గించారు. అలాంటిది వస్తే గ్రూపులోనే, పంపినవారి పేరు ఎత్తకుండా, "ఈ వీడియో మన ఊరిది కాదు, ఎవరూ భయపడకండి" అని రాయండి. రాసిన వెంటనే ఆ మనిషికి ఫోను కూడా చేయండి.

ఫోనులో మార్చాల్సినవి కొన్ని ఉన్నాయి, పది నిమిషాల పని. సెట్టింగ్స్‌లో ప్రైవసీలోకి వెళ్ళి, మిమ్మల్ని ఎవరు గ్రూపుల్లో చేర్చవచ్చో అక్కడ 'నా కాంటాక్టులు' అని పెట్టుకోండి. కుటుంబం గ్రూపుని, అపార్టుమెంటు గ్రూపుని ఎప్పటికీ మోగకుండా మ్యూట్ చేసి ఆర్కైవ్‌లో పడేయండి. ఏ గ్రూపులోంచైనా వెళ్ళిపోవాలనుకుంటే ఇప్పుడు ఆ కబురు అడ్మిన్లకి మాత్రమే వెళ్తుంది, 2022 నుంచి అలా మార్చారు. రాత్రి ఫోను వంటగదిలో చార్జింగు పెట్టండి, పడకగదిలో అలారం గడియారం పెట్టుకోండి. ఇవి చేసినంత మాత్రాన మనసు మారదు, కాస్త చోటు మాత్రం దొరుకుతుంది.

సముద్రానికి 61 రోజులు

పెదజాలారిపేట నుంచి మా వీధికి చేపలు తెచ్చే ఆవిడ ఉంది. పాతికేళ్ళుగా తెలుసు. మే 14న, పోలింగు మర్నాడు, ఖాళీ గంపతో మెట్ల మీద కూర్చుంది. ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 వరకు 61 రోజులు మన తీరంలో మరబోట్ల వేట ఆపేస్తారు కదా, చిన్న తెప్పల మీద వచ్చే కొద్దిపాటి చేపే దొరుకుతుంది. కష్టంగా లేదా అన్నాను. "కష్టమే టీచరమ్మా. గానీ గుడ్లెట్టే కాలంలో సముద్రాన్ని ఒగ్గెయ్యాల. లేపోతే రేపటికేటుంటది?" అంది.

ఆ రోజు నుంచే నేనూ వేట ఆపాను. వేట నిషేధం ముగిసే జూన్ 14 వరకు గ్రూపులు రోజుకి ఒక్కసారే, మధ్యాహ్నం 15 నిమిషాలు. సాయంత్రం నుంచి ఫోను వంటగది అల్మరాలోనే. జూన్ 4 ఓట్ల లెక్కింపు మధ్యలో వచ్చింది. ఆరోజు పక్కింటివాళ్ళ టీవీ ముందు కూర్చుని చూశాను, ఒక్క మాట ఎక్కడా రాయలేదు.

మొదటి నాలుగు సాయంత్రాలు చాలా కష్టంగా గడిచాయి. అది దాచను. చేయి అల్మరా వైపు వెళ్ళేది. ఇల్లు ఇంత నిశ్శబ్దంగా ఉంటుందని, ఆయన పోయిన ఆరేళ్ళకి అప్పుడు తెలిసింది నాకు. ఐదో రోజు కుర్చీలో కూర్చుని ఏడ్చాను. ఆయన కోసం ఏడవాల్సిన ఏడుపు కొంత మిగిలిపోయి ఉందని అనిపించింది. మీరు ఒక్కరే ఉంటూ ఈ పని మొదలుపెడితే ఇలాంటిది రావచ్చు. వస్తే ఆపుకోకండి, ఫోను అందుకోకండి. తర్వాత ముఖం కడుక్కుని టీ పెట్టుకోండి.

రెండో వారంలో ఒక లెక్క చేశాను, ఇది అందరూ చేసి తీరాలంటాను. నోటుబుక్కులో మధ్యన గీత గీసి, ఎడమవైపు రాజకీయాల గురించి నాకున్న అభిప్రాయాలు రాశాను. ప్లాంటు అమ్మకం, మూడు రాజధానులు, బడుల విలీనం, పథకాల డబ్బు, అలా తొమ్మిది. కుడివైపు ఒక్కొక్కటి నాకు ఎక్కడి నుంచి వచ్చిందో రాశాను. ఆరింటికి ఎదురుగా 'గ్రూపు' అని రాయాల్సి వచ్చింది. మూడే నావి. ప్లాంటు గురించిన అభిప్రాయం నాన్న నుంచి వచ్చింది. బడుల విలీనం గురించినది నా తరగతిలో మూడు కిలోమీటర్లు నడిచి వచ్చే పిల్లల నుంచి. మూడోది ఇక్కడ రాయను, అది ఓటుకి దగ్గరి సంగతి. మిగతా ఆరింటి కోసం ఆదివారాలు ద్వారకానగర్‌లో విశాఖ పౌర గ్రంథాలయానికి వెళ్ళి రెండు మూడు పత్రికలు పక్కపక్కన పెట్టుకుని చదివాను. రెండు అభిప్రాయాలు మార్చుకున్నాను. ఒకదాని మీద నాకే అభిప్రాయమూ అక్కర్లేదని తేలింది, దాన్ని కొట్టేశాను. ఎంత తేలిక పడ్డానో చెప్పలేను.

నడక కూడా పెట్టుకోండి. తెల్లవారుజామున కాళీమాత గుడి దగ్గర నుంచి బీచ్‌రోడ్డు మీద నడిచేవాళ్ళ కోసం బళ్ళు ఆపేస్తారు. ఆ వేళలో రోడ్డంతా మనదే. ఫోను ఇంట్లో వదిలి వెళ్ళండి. పర్సులో ఒక కాగితం మీద మీ పేరు, రక్తం గ్రూపు, మీవాళ్ళిద్దరి నంబర్లు రాసి పెట్టుకోండి. మా అమ్మాయికి ముందే చెప్పాను, పొద్దున ఐదు నుంచి ఏడు దాకా నేను దొరకను, ఎనిమిదింటికి నేనే చేస్తానని. మొదటి వారం కంగారు పడింది. ఇప్పుడు ఆ ఎనిమిది గంటల ఫోనులో మేం మాట్లాడుకునేవి, ఇదివరకు రోజుకి ముప్పై మెసేజిల్లో మాట్లాడుకోనివి.

ఏకాంతం కావాలనుకునేవాళ్ళు ముందు ఇరుగుపొరుగుని కుదుర్చుకోవాలి. ఇది నాకు హుద్‌హుద్ తుఫాను నేర్పింది. 2014 అక్టోబరు 12, ఆదివారం. ఆ గాలికి ఊళ్ళో చెట్లన్నీ పడిపోయాయి. రోజుల తరబడి కరెంటు లేదు, ఫోన్లు లేవు, నీళ్ళు లేవు. మా మెట్ల మీద మూడు అంతస్తులవాళ్ళమూ కొవ్వొత్తి పెట్టుకుని కూర్చున్నాం. ఎవరింట్లో పసిపిల్ల ఉందో, ఎవరికి ఇన్సులిన్ కావాలో ఆ వారంలోనే తెలిసింది. కరెంటు వచ్చింది, అపార్టుమెంటు గ్రూపు వచ్చింది, మెట్ల మీద కూర్చోవడం పోయింది. నేను మళ్ళీ మొదలుపెట్టాను. మా అంతస్తులో రెండు ఇళ్ళవాళ్ళకి నా తాళంచెవి ఇచ్చాను. రోజూ ఎవరో ఒకరి గుమ్మంలో ఐదు నిమిషాలు నిలబడతాను. పొద్దున పాలప్యాకెట్టు తలుపుకి వేలాడుతూనే ఉంటే తలుపు తట్టమని చెప్పి పెట్టాను. ఆ ధైర్యం ఉంది కాబట్టే ఫోను ఇంట్లో వదిలి వెళ్ళగలుగుతున్నాను.

రాజకీయం మానకండి

కుటుంబం బాగుండాలంటే రాజకీయాలు మాట్లాడకూడదని చాలామంది చెప్తారు. సోషల్ టీచర్‌గా నేను ఆ మాట ఒప్పుకోను. ఉద్యోగం పోతుందేమోనని భయపడే తమ్ముడితో రాజకీయం మాట్లాడొద్దంటే వాడి బతుకు గురించి మాట్లాడొద్దని చెప్పినట్టే. మాట్లాడే చోటు మార్చుకుంటే చాలు.

మనిషి కదిలి వెళ్ళాల్సిన చోట రాజకీయం చేయండి. ప్లాంటు కోసం 2021 ఫిబ్రవరి నుంచి కూర్మన్నపాలెంలో కార్మికులు దీక్షా శిబిరం పెట్టి కూర్చున్నారు. నేను మూడేళ్ళలో గ్రూపులో ప్లాంటు గురించి ఎన్ని వందల మెసేజిలు చదివానో, ఆ శిబిరానికి మాత్రం ఒక్కసారైనా వెళ్ళలేదు. ఆ సంగతి నోటుబుక్కు లెక్కలో బయటపడినప్పుడు సిగ్గుపడ్డాను. తర్వాత వెళ్ళాను. గంటసేపు కుర్చీలో కూర్చుని విన్నాను. మా బడి సందులో కాలవ మీద పలక విరిగి పిల్లలు పడుతుంటే అపార్టుమెంటు గ్రూపులో ఫొటో పెట్టడం మానేసి, సోమవారం కలెక్టరేటుకి వెళ్ళి అర్జీ ఇచ్చి రసీదు తెచ్చుకున్నాను. రెండుసార్లు తిరగాల్సి వచ్చింది. పలక వేశారు. ఎన్నికల సమయంలో డబ్బు పంచడం, బెదిరించడం కళ్ళారా చూస్తే ఎన్నికల సంఘం వారి సీ-విజిల్‌లో ఫొటోతో పెట్టండి. 100 నిమిషాల్లో చర్య తీసుకోవాలన్నది దాని నియమం.

ఇంట్లో రెండు నియమాలు పెట్టుకోండి. రెండూ మన ఎన్నికల చట్టంలోవే, 1951 నాటి ప్రజాప్రాతినిధ్య చట్టం. పోలింగు ముగిసే గంటకి ముందు 48 గంటలు ప్రచారం ఆపేయాలని 126వ సెక్షన్. ఇంటికీ దాన్ని వర్తింపజేయండి. ఆ రెండు రోజులూ భోజనాల దగ్గర, ఫోన్లలో పార్టీల మాట ఎత్తకండి. రెండోది 94వ సెక్షన్. ఎవరికి ఓటేశావో చెప్పమని ఏ సాక్షినీ, ఏ మనిషినీ బలవంతపెట్టడానికి లేదని. కోర్టే అడగకూడని ప్రశ్న మనం భార్యని, కొడుకుని, పనిమనిషిని అడుగుతుంటాం. ఆ ముసలాయన లాగే బల్ల దాకా వెంట నడుస్తుంటాం. అడగడం మానేయండి. మిమ్మల్ని అడిగితే నవ్వి ఊరుకోండి.

అభిప్రాయం కలవనివాళ్ళతో ఎదురుగా కూర్చున్నప్పుడు నాకు బాగా పనికొచ్చిన ప్రశ్న ఒకటుంది: "నీకు ఎప్పట్నుంచి అలా అనిపిస్తోంది?" 'ఎందుకు' అని అడిగితే మనిషి వాదనకి దిగుతాడు. 'ఎప్పట్నుంచి' అంటే ఒక సంఘటన చెప్తాడు. రేషన్ కార్డు తీసేసిన రోజు, కొడుక్కి సీటు రాని రోజు, భూమి పోయిన రోజు. అది విన్నాక మీరు ఒప్పుకోకపోవచ్చు, వెటకారం మాత్రం చేయలేరు.

తెగినచోటికి తిరిగి వెళ్ళడం

14 నెలలు పట్టింది నాకు. అంత ఆలస్యం చేయకండి.

పొడుగాటి మెసేజి రాయొద్దు. నేను ఏడు రాశాను, ఏడూ చెరిపేశాను. ఎంత జాగ్రత్తగా రాసినా ప్రతిదాంట్లో ఎక్కడో ఒకచోట 'కానీ' వచ్చేది. మధ్యవర్తిని పంపొద్దు. పండక్కో పెళ్ళిలోనో కలుస్తాం కదా, అప్పుడు చూద్దాం అనుకోవద్దు, అక్కడ మళ్ళీ పదిమంది ఉంటారు. ఒక్కరే వెళ్ళండి, ఆ మనిషి ఇంట్లో ఉండే వేళ కనుక్కుని వెళ్ళండి, చేతులతో చేసిందేదైనా పట్టుకెళ్ళండి.

2025 జూన్‌లో, బళ్ళు తెరవకముందు, పూర్ణా మార్కెట్‌లో పనసపొట్టు తెచ్చి అమ్మ చేసినట్టే ఆవపెట్టి కూర వండాను. స్టీలు డబ్బాలో పెట్టుకుని మద్దిలపాలెంలో కూర్మన్నపాలెం బస్సెక్కాను. గాజువాక దగ్గర దిగి వెనక్కి వెళ్ళిపోదామా అనిపించింది. డబ్బా ఒళ్ళో వెచ్చగా ఉంది. దిగలేదు.

మరదలు తలుపు తీసింది. ఒక్క క్షణం చూసి, "రండి వదినా, నైట్ డ్యూటీ చేసొచ్చి పడుకున్నారు, లేపుతాను" అంది. లేపొద్దన్నాను. వంటింట్లో తనతో చిక్కుళ్ళు వలుస్తూ కూర్చున్నాను. మధ్యాహ్నం రెండింటికి లేచి వచ్చాడు. జుట్టు బాగా నెరిసింది. "ఎప్పుడొచ్చావప్పా?" అన్నాడు.

వెళ్ళేముందు నేను నిర్ణయించుకున్నది రెండు వాక్యాలు. అవే చెప్పాను. "ఆరోజు అందరిలో నిన్ను అలా అనకూడదు. తప్పు నాది." ఆ తర్వాత ఆగిపోవాలి, అదే అన్నిటికన్నా కష్టం. వీడియో ఎత్తకూడదు, నువ్వూ అన్నావు కదా అనకూడదు, నా మనసు ఎంత బాధపడిందో చెప్పకూడదు. వాడు ఏమీ అనలేదు. కంచం తెచ్చుకుని కూర వేసుకుని తిన్నాడు. రెండోసారి వడ్డించుకుంటూ అన్నాడు: "ఆ వీడియో తప్పని నాకు మర్నాడే తెలిసిందప్పా. నువ్వు ఫోను చేస్తావనుకున్నాను."

నేను అరచేతుల్లో ముఖం పెట్టుకుని కూర్చున్నాను. మరదలు మంచినీళ్ళు తెచ్చింది.

ఆ సాయంత్రం ప్లాంటు గురించి గంటన్నర చెప్పాడు. ఆ జనవరిలో కేంద్రం ప్రకటించిన 11,440 కోట్ల ప్యాకేజీ ఎందుకు సరిపోదో, ముడిసరుకుకి సొంత గనులు లేకపోతే ఏమవుతుందో, పక్క డిపార్టుమెంటులో ఎంతమంది కాంట్రాక్టు కార్మికుల్ని తీసేశారో. కొన్ని చోట్ల నా ఆలోచన వేరు. ఒక్కదానికే "నాకలా అనిపించట్లేదురా" అన్నాను, "నీకనిపించదులే" అన్నాడు, ఇద్దరం టీ తాగాం.

వాడు తిరిగి గ్రూపులో చేరలేదు, నేనూ చేరమనలేదు. ఆదివారం రాత్రి ఏడింటికి ఫోను చేస్తాడు, షిఫ్టు ఉంటే సోమవారం. కిందటి ఎన్నికల్లో వాడు ఎవరికి వేశాడో నాకు తెలియదు. శ్రావణంలో అమ్మ తద్దినానికి వారం ముందే చెప్పాడు, సెలవు పెట్టుకున్నాను. కంద, బచ్చలి నేనే తీసుకెళ్ళాను.